బైబిల్ యాప్‌లో సెర్చ్: గుర్తులు నేర్చుకోవాలా, గుర్తున్నది కొడితే చాలా?

బైబిల్ యాప్‌లో వెతకడం రెండు రకాలు. మొదటి రకం కోట్స్, నక్షత్రం లాంటి గుర్తులతో వెతకడం. క్రాస్‌వైర్ అనే సంస్థ వాళ్ల బైబిల్ సాఫ్ట్‌వేర్ ‘సోర్డ్’లో లూసీన్ అనే ప్రోగ్రాంతో నడిచే సెర్చ్ ఇలాంటిదే: కోట్స్‌లో పెడితే మాటలు అదే వరుసలో ఉన్న వచనాలే వస్తాయి, మాట చివర నక్షత్రం పెడితే దానితో మొదలయ్యేవన్నీ వస్తాయి. ప్రసంగం తయారు చేసుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!

రెండోది, ఒక ఖాళీ పెట్టె ఇచ్చి మిగతా కష్టం సాఫ్ట్‌వేరే పడటం.

యోహాను 3:16 సంగతే చూడండి. మామూలుగా మనం కొట్టేది ‘లోకాన్ని ప్రేమించాడు’ అని, పాత తెలుగు బైబిల్లో ఉన్నదేమో ‘లోకమును ఎంతో ప్రేమించెను’ అని, కాబట్టి ఉన్నదున్నట్టు పోల్చే సెర్చ్ సున్నా చూపించి ఊరుకుంటుంది. మాటల్ని ‘లోక’, ‘ప్రేమించ’ దాకా కుదించి నక్షత్రం తగిలిస్తే దొరుకుతుంది, నిజమే, కానీ ఆ కిటుకు మా అత్తయ్యకు ఎవరు చెప్పాలి? ‘నిత్య జీవం’ అని విడదీసి కొడితే అక్కడ ‘నిత్యజీవము’ అని కలిసి ఉంటుంది, అదింకో తలనొప్పి. రెండో రకం ఈ విభక్తుల్నీ, ఖాళీల్నీ, అక్షరాల్ని కలపడానికీ విడదీయడానికీ మధ్యలో పడే, కంటికి కనపడని జాయినర్ అక్షరాల్నీ పట్టించుకోకుండా వెతకాలి.

దీనికీ ఓ చిక్కుంది. ‘రాజు’ అని కొడితే రాజులు, రాజునకు, ఒక్కోసారి రాజ్యము కూడా వచ్చి పడతాయి. అచ్చంగా సరిపోయినవి పైన, దగ్గరివి కింద పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

నన్నడిగితే యాప్ తెరవగానే రెండోదే కనపడాలి. నక్షత్రాలు, కోట్స్ కావాలన్నవాళ్లకు పక్కనే ‘అడ్వాన్స్‌డ్’ బటన్ ఒకటి పెడితే సరి.