జెల్లీఫిన్, ఎన్100 మినీ పీసీ: రెండేళ్ళ వాడకం తర్వాత

ఇంటెల్ ఎన్100 చిప్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న మినీ పీసీ. పక్కన సొంత అడాప్టర్ ఉన్న 8 టీబీ హార్డ్ డిస్క్. డెబియన్ లినక్స్ మీద డాకర్ (ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి గదుల్లో నడిపేది), అందులో జెల్లీఫిన్, అంటే మన దగ్గరున్న సినిమాల్ని టీవీలకు, ఫోన్లకు పంపే సర్వర్ ప్రోగ్రాం. హాల్లో టీవీ, రెండు ఫోన్లు, ఊళ్ళో పెద్దవాళ్ళ టీవీ, అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. ఇంటి అవసరానికి ఈ పెట్టె ధారాళంగా సరిపోతుంది. కాకపోతే సినిమా ఆగకుండా ఆడుతుందా లేదా అన్నది చిప్ కన్నా ఫైళ్ళను బట్టే ఉంటుంది.

టీవీకి అర్థమయ్యే ఫార్మాట్‌లో ఫైలు ఉంటే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది. దీన్నే డైరెక్ట్ ప్లే అంటారు, సీపీయూ మీద భారం దాదాపు సున్నా. లేకపోతే అప్పటికప్పుడు మార్చి పంపాలి, అది ట్రాన్స్‌కోడింగ్. ప్లేయర్‌లో ‘ప్లేబ్యాక్ ఇన్ఫో’ తెరిస్తే ఏది జరుగుతోందో, ఎందుకో రాసి ఉంటుంది. తరచూ దొరికే దొంగ సబ్‌టైటిల్. బ్లూరే నుంచి వచ్చే పీజీఎస్ సబ్‌టైటిళ్ళు అక్షరాలు కావు, బొమ్మలు. వాటిని చూపలేని ప్లేయర్ అయితే సర్వర్ ఆ బొమ్మల్ని వీడియో మీదే ముద్రించాలి, అంటే సినిమా మొత్తం మళ్ళీ ఎన్‌కోడ్ చేయాలి. పక్కన ఎస్‌ఆర్‌టీ అనే అక్షరాల సబ్‌టైటిల్ ఫైలు పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. అది యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే ఉండాలి. అయినా తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తే సెట్టింగుల్లో ఫాల్‌బ్యాక్ ఫాంట్ల ఫోల్డర్ చూపించి అందులో నోటో సాన్స్ తెలుగు వేయండి. డీటీఎస్ ఆడియోను చాలా టీవీలు తీసుకోవు కానీ, ఆడియో ఒక్కటే మార్చడం బరువైన పని కాదు.

ట్రాన్స్‌కోడింగ్ తప్పనప్పుడు ఇంటెల్ చిప్‌లో వీడియో కోసమే ఉన్న భాగం, క్విక్ సింక్, ఆదుకుంటుంది. ఎన్100 10-బిట్ హెచ్‌ఈవీసీ, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్లు రెండూ హార్డ్‌వేర్‌లోనే చదువుతుంది, ఏవీ1లో రాయడం మాత్రం దానికి రాదు. ఇక్కడ అందరూ పడే తప్పు ఒకటుంది. రెండర్ డివైస్‌ను (లినక్స్‌లో గ్రాఫిక్స్ భాగానికి దారి) కంటైనర్‌కి ఇస్తారు, హోస్ట్‌లోని రెండర్ గ్రూపు నంబరు కలపడం మరచిపోతారు. అప్పుడు డ్రైవర్ తెరుచుకోదు, వీడియో మొదలవకుండానే ఎర్రర్ వస్తుంది. ట్రాన్స్‌కోడింగ్ ముక్కలు క్యాష్ ఫోల్డర్‌లో పేరుకుంటాయి. డ్యాష్‌బోర్డ్‌లో సెగ్మెంట్లు తొలగించే ఆప్షన్ పెట్టకపోతే చిన్న ఎస్ఎస్‌డీ ఒక్క 4కే సినిమాతోనే ఇరుకైపోతుంది.

ఈ సర్వర్ విలువ నిజంగా తెలిసేది పాత పెళ్ళి డీవీడీలతో. ఆ డిస్కులు పాడైపోతున్నాయి, ఆలస్యం చేయకండి. లోపల వీఓబీ ఫైళ్ళు 1 జీబీ ముక్కలుగా ఉంటాయి, మేక్‌ఎంకేవీ ప్రోగ్రాంతో తీస్తే ఒకే ఫైలుగా వస్తుంది. వీడియో సాధారణంగా 720×576, ఇంటర్లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేమూ గీత విడిచి గీతగా రెండు సగాల్లో ఉంటుంది. అలాగే వదిలేస్తే తలంబ్రాలు పోసే చోట చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో బ్వాడిఫ్ ఫిల్టర్‌తో సెకనుకు 50 ఫ్రేములుగా విప్పి, హెచ్264లో సీఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె, తగ్గేకొద్దీ మెరుగు) 18 నుంచి 20 మధ్య ఎన్‌కోడ్ చేస్తే కదలిక నునుపుగా వస్తుంది, ఆ తర్వాత ఏ టీవీలోనైనా డైరెక్ట్ ప్లే అవుతుంది. అసలు ఎంకేవీని పారేయకుండా వేరే డిస్కులో దాచండి. వీటికి ‘హోమ్ వీడియోస్’ రకం లైబ్రరీ వేరుగా పెట్టాలి. సినిమాల లైబ్రరీలో వేస్తే మీ పెళ్ళికి అదే పేరున్న ఏదో సినిమా పోస్టర్ తగిలిస్తుంది.

సినిమాల ఫోల్డర్ పేరులో బ్రాకెట్లలో సంవత్సరం తప్పనిసరి. దేవదాసు అని మాత్రమే రాస్తే 1953దా, 1974దా, 2006దా అన్నది జెల్లీఫిన్‌కి ఎలా తెలుస్తుంది?

కరెంటు విషయానికొస్తే, బయాస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టండి. హార్డ్ డిస్కును ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఫైలు) యూయూఐడీతో, అంటే డిస్కు సొంత గుర్తింపుతో, నోఫెయిల్ జోడించి మౌంట్ చేయండి. నోఫెయిల్ లేకుంటే డిస్కు కేబుల్ ఊడిన రోజు సిస్టమ్ బూట్ మధ్యలో ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, కీబోర్డు, మానిటర్ తగిలిస్తే తప్ప కదలదు. రూటర్‌కి వాడే మినీ యూపీఎస్‌తో నడపాలంటే ముందు వోల్టేజీ, ఆంపియర్లు మినీ పీసీ అడాప్టర్‌తో సరిపోల్చుకోవాలి. పైగా డిస్కు అడాప్టర్‌కి వేరే బ్యాకప్ కావాలి.

ఊరికి పంపడం దగ్గర మొదటి అడ్డంకి సీజీన్యాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్ళకు పంచడం. రూటర్‌లో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ ప్రోగ్రాం రెండు వైపులా వేస్తే దారి దొరుకుతుంది, జెల్లీఫిన్ వాడే 8096 పోర్టును బయటి ప్రపంచానికి తెరవాల్సిన అవసరమూ ఉండదు. బయటి వాళ్ళకు బిట్‌రేట్ పరిమితి మీ అప్‌లోడ్ వేగం కన్నా బాగా తక్కువ పెట్టండి. 1080పీకి 6 నుంచి 8 ఎంబీపీఎస్ చాలు. ఇంట్లో మాత్రం, చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి పెద్ద 4కే ఫైళ్ళకు 5 గిగాహెర్ట్జ్ వైఫైయే మెరుగు.

కొత్త వెర్షన్‌కి మారే ముందు కంటైనర్ ఆపి కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తం కాపీ తీయండి. నడుస్తుండగా తీస్తే జెల్లీఫిన్ డేటాబేస్ అయిన ఎస్‌క్యూలైట్ ఫైలు సగంలో దొరకవచ్చు. అప్‌గ్రేడ్ డేటాబేస్‌ను మార్చేశాక పాత వెర్షన్ దాన్ని చదవలేదు, వెనక్కి రావాలంటే ఆ కాపీ ఒక్కటే దారి.