డాకర్ కంపోజ్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్: ఏడాది వాడిన అనుభవం

మిర్యాలగూడ రైస్ మిల్లులకు వచ్చే ధాన్యం లారీల కాటా చిట్టీలను నమోదు చేసే చిన్న సాఫ్ట్‌వేర్‌ను నల్లగొండ నుంచి నిర్వహిస్తున్న నేను, ఏడాదిగా డాకర్ కంపోజ్‌ను (సాఫ్ట్‌వేర్ భాగాలన్నింటినీ ఒకే ఫైలు ఆధారంగా కలిపి నడిపే పనిముట్టును) వాడుతున్నాను. డేటాబేస్ చిరునామా, పాస్‌వర్డు, పోర్టు నంబరు ఒక్కో మిల్లులో ఒక్కో తీరుగా ఉంటాయి కనుక, కంపోజ్ కాన్ఫిగరేషన్ ఫైలులో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే విలువ) పేర్లు మాత్రమే ఉంచి, అసలు విలువలను డాట్ ఎన్వ్ (.env) ఫైలులో విడిగా రాసుకునే వీలు నాకు ఎంతో మేలు చేసింది.

అన్నింటికంటే నచ్చినది, విలువ లేనప్పుడు ఏం చేయాలో కంపోజ్ ఫైలులోనే చెప్పగలగడం. వేరియబుల్ పేరు తర్వాత కోలన్, అడ్డగీత పెట్టి రాసినది డిఫాల్ట్ విలువ (వేరేది ఇవ్వనప్పుడు వాడేది) అవుతుంది. అడ్డగీతకు బదులు ప్రశ్నార్థకం పెడితే, విలువ లేకపోయినా ఖాళీగా ఉన్నా, మనం రాసిన సందేశాన్ని చూపించి కంపోజ్ అక్కడే ఆగిపోతుంది. పాస్‌వర్డుకు ఎప్పుడూ రెండో పద్ధతే వాడాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఖాళీ పాస్‌వర్డుతో డేటాబేస్ నడవడం కన్నా అసలు మొదలు కాకపోవడమే క్షేమం.

కొత్తవారిని తికమక పెట్టేవి రెండున్నాయి. షెల్‌లో (ఆదేశాలు టైపు చేసే చోట) అదే పేరుతో ముందే విలువ ఉంటే, డాట్ ఎన్వ్ ఫైలులోని విలువ చెల్లదు. కంపోజ్ ఫైలులో డాలర్ గుర్తు వేరియబుల్‌ను సూచిస్తుంది కనుక, దాన్ని మామూలు గుర్తుగానే ఉంచాలంటే దాన్ని రెండుసార్లు రాయాలి. చివరకు ఏ విలువలు అమరాయో కంపోజ్ కాన్ఫిగ్ ఆదేశం చూపిస్తుంది. అయితే అందులో పాస్‌వర్డులు కూడా కనిపిస్తాయి కనుక, ఆ తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో ఎవరికీ పంపకూడదు.