పదకొండేళ్ల వాడుక తరువాత 1937 పాటర్న్ స్మాల్ ప్యాక్

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులు, వారితోపాటు భారత సైనికులు వీపున మోసిన చిన్న సంచీ, అంటే 1937 నమూనా (పాటర్న్) సరంజామాలోని స్మాల్ ప్యాక్ ఒకటి సికింద్రాబాద్‌లో పాత సామాను అమ్మే దుకాణంలో నాకు దొరికి పదకొండేళ్లు దాటింది. మూత లోపలి వైపున తయారీదారు గుర్తు, 1942 అన్న అంకె, బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని తెలిపే బాణం ముద్ర కొన్ననాటికి స్పష్టంగా ఉండేవి.

సుమారు 11 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు ఉన్న ఈ నూలు కాన్వాసు సంచీలో మెస్ టిన్నులకు (సైనికుల భోజనం డబ్బాలకు), నీళ్ల సీసాకు వేర్వేరు అరలు ఉన్నందువల్ల, నేటికీ అన్నం డబ్బా, సీసా, రెండు పుస్తకాలు కదలకుండా కూర్చుంటాయి. ఇన్నేళ్లలో ఒక్క కుట్టు కూడా ఊడలేదు. పట్టీలే ఇబ్బంది పెడతాయి. సైనికుడి ఒంటిమీద వీటి ఇత్తడి కొక్కేలు ఛాతీ దగ్గరి పౌచ్‌లకు (తూటాలు పెట్టుకునే చిన్న సంచులకు) తగులుకొని, బరువులో కొంత నడుం బెల్టుకు చేరేది. బెల్టు, పౌచ్‌లు లేకుండా సంచీ ఒక్కటే వేసుకుంటే భారమంతా భుజాలమీదే పడి, గంట నడిచేసరికి పట్టీలు ఒరుసుకుంటాయి. నాలుగు కిలోలకు మించి పెట్టకపోవడం మంచిది.

నేను చేసిన పెద్ద తప్పు, రెండో ఏడు వానాకాలంలో బూజు పట్టిందని దీన్ని డిటర్జెంటు పొడిలో నానబెట్టడం. ముద్ర సగం చెరిగిపోయింది. అంతకన్నా విచారకరమైన సంగతి తరువాత తెలిసింది: నేటి దారాల్లో, డిటర్జెంట్లలో ఉండే తెల్లదనపు రసాయనాలు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయి కాబట్టి, సేకర్తలు నకిలీని పట్టుకోవడానికి ఆ దీపాన్నే వాడతారు, ఉతికిన నా అసలు సంచీ ఇప్పుడు ఆ వెలుగులో నకిలీలాగే మెరుస్తోంది. అందుచేత మెరిసిన ప్రతిదాన్నీ నకిలీ అని తోసిపుచ్చకుండా, నేత, కుట్టు, ఇత్తడి అరుగుదల కలిపి చూడాలి. బూజుకు ఎండ, మెత్తటి బ్రష్షు చాలు. బకిళ్ల చిలుముకు ఇంట్లో ఇత్తడి చెంబులకు వాడినట్టు చింతపండు రుద్దితే చుట్టూ ఉన్న గుడ్డకు మరక పడింది. ఇప్పుడు పొడిగుడ్డతో తుడిచి వదిలేస్తున్నాను.

తరువాత ఆ ఛాతీ పౌచ్‌లలో ఒకటి, బేసిక్ పౌచ్ అనేది కూడా కొన్నాను. బ్రెన్ గన్ అనే తేలికపాటి మెషిన్ గన్ తూటాల పెట్టెలు (మ్యాగజైన్లు) రెండు పట్టేలా కుట్టిన ఆ పౌచ్‌పై బాణం కింద ‘ఐ’ అక్షరం ఉంది. అది భారతదేశంలో తయారైన దానికి గుర్తు. నా దగ్గరున్న రెండింటినీ బట్టి చూస్తే దాని నేత బ్రిటిష్ సంచీ కన్నా వదులుగా ఉంటుంది, అంచులు త్వరగా పీచు లేస్తాయి. అయినా స్వాతంత్ర్యం తరువాత కూడా మన సైన్యం చాలా ఏళ్లు వాడిన సరంజామా ఇదే కాబట్టి, నాకు దానిమీదే మక్కువ ఎక్కువ.

సంచీని వీధిలో వాడతాను కానీ, నా దగ్గరున్న సైనిక బ్యాడ్జీలను, యూనిఫాం భుజపట్టీలను పెట్టెలోనే ఉంచుతాను. సైనికుడినని ఎదుటివారిని నమ్మించే ఉద్దేశంతో వాటిని ధరించడం మన దేశంలో నేరం; అటువంటి ఉద్దేశం లేకున్నా, వాటిని సంపాదించుకున్నవారి గౌరవాన్ని నేను అరువు తెచ్చుకోలేను. రోజూ వాడుకోదలచినవారు ముద్ర చెరిగిన సంచీనే అడిగి కొనండి. ముద్ర నిలిచి ఉన్నది దొరికితే, దయచేసి నీళ్లలో ముంచకండి.