నికోటిన్ గమ్: లివర్ కోసం సిగరెట్టు మానేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఫ్యాటీ లివర్ అని రిపోర్టు రాగానే మద్యం మానేస్తారు, నూనె తగ్గిస్తారు. సిగరెట్టు మాత్రం ఊపిరితిత్తుల గొడవ అనుకుంటారు, అది అలాగే సాగుతుంది. కానీ పొగలోని తారు రసాయనాలు రక్తంలో కలిసి లివర్‌కీ చేరతాయి. వాటిని విరగ్గొట్టేటప్పుడు పుట్టే పదార్థాలు కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. పొగతాగడం వల్ల వచ్చే క్యాన్సర్లలో లివర్ క్యాన్సర్ కూడా ఉంది. పక్కన కూర్చున్నవాళ్లు పీల్చేదీ ఆ పొగే.

సిగరెట్టు మీది యావ తగ్గించడానికి పొగ లేకుండా నికోటిన్ అందించే ఈ గమ్‌లో తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లేదు. అందుకే మా ఓటు దీనికే, కాకపోతే సరిగ్గా వాడితేనే.

నిద్రలేచిన 30 నిమిషాల్లోపే మొదటి సిగరెట్టు వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న గమ్ కావాలి, ఆ తర్వాత వెలిగించేవాళ్లకు 2 మిల్లీగ్రాములది చాలు. అవసరమైనదానికన్నా తక్కువ మోతాదు తీసుకుని "పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ.

దీన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నాలుగు నములు నమిలి, నోట్లో మిరియపు ఘాటు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టాలి. ఇలా అరగంట. గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి జారుతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి. పైగా అలా మింగిన నికోటిన్‌లో చాలా భాగాన్ని లివర్ ముందే విరిచేస్తుంది కాబట్టి సిగరెట్టు మీది యావ అలాగే ఉంటుంది. కాఫీ, పళ్లరసం, కూల్‌డ్రింక్ తాగితే పావుగంట ఆగాలి, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గలోంచి ఇంకదు.

మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాతి 3 వారాలు 2 నుంచి 4 గంటలకు ఒకటి, చివరి 3 వారాలు 4 నుంచి 8 గంటలకు ఒకటి. రోజుకు 24 దాటకూడదు. కట్టుడు పళ్లకు ఇది అంటుకుపోతుంది, అవి ఉన్నవాళ్లకు చర్మం మీద అతికించుకునే నికోటిన్ ప్యాచ్ మేలు.

ప్యాకెట్ మీద సరిగా చెప్పని విషయం ఇంకొకటుంది. పొగ వల్ల లివర్‌లో ఒక ఎంజైమ్ జోరు పెరిగి కాఫీలోని కెఫీన్‌ను త్వరగా కరిగిస్తుంది. గమ్‌కు ఆ ప్రభావం లేదు. సిగరెట్టు మానగానే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి దడ, నిద్రలేమి తెస్తుంది, అది గమ్ వల్లేననుకుంటారు. కాఫీ సగానికి తగ్గించండి. థియోఫిలిన్ (ఆస్తమా మందు), క్లోజపిన్ (మానసిక జబ్బు మందు) వాడేవాళ్లు సిగరెట్టు మానేముందే డాక్టరుకు చెప్పాలి, వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు. లివర్ బాగా చెడినవాళ్లలో నికోటిన్ నెమ్మదిగా పోతుంది, కాబట్టి ముదిరిన సిర్రోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.