డబ్బా మీద కారు, డిస్కులో డౌన్‌లోడ్

నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో కారు పందేల వీడియో గేమ్ డిస్కు ఒకటి 3,999 రూపాయలకు కొన్నాను. దుకాణం వారు మర్యాదగా మాట్లాడి, అడగకుండానే బిల్లు ఇచ్చారు కనుక వారితో నాకు పేచీ లేదు. తగవంతా ఆట తయారుచేసిన కంపెనీతోనే. డిస్కు పెట్టగానే మరో 70 జీబీ డౌన్‌లోడ్ చేసుకోమని తెర మీద పడింది. రాత్రంతా ఆగి తెల్లవారి తెరిస్తే, డబ్బా మీద అంత అందంగా అచ్చువేసిన ఎర్ర కారును విడిగా డబ్బు కడితే తప్ప నడపడానికి వీల్లేదని తేలింది. పైగా ఒంటరిగా ఆడుకునే పందేలకు సైతం ఇంటర్నెట్ ఉండి తీరాలట. మా వీధిలో కరెంటు పోతే రౌటరు ఆగి, గెలవబోతున్న పందెం కాస్తా మధ్యలోనే కొట్టుకుపోతోంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఈ షరతే. యూబీసాఫ్ట్ సంస్థ, ఇలాగే ఇంటర్నెట్ ఉంటేనే నడిచే 'ది క్రూ' అనే కారు పందేల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసివేసినప్పుడు, కొన్నవారి చేతిలో డిస్కు మిగిలింది గానీ ఆట మిగలలేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొని ఉంటే 14 రోజుల లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు వెనక్కి అడిగే వీలుండేది. సీలు విప్పిన ఈ డిస్కును నేనెవరికి తిరిగివ్వాలి?

తడిసిన రోడ్డు మీద టైర్లు జారే తీరు మాత్రం అద్భుతంగా ఉంది. ఐదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ రెండూ టైర్లకే.