పచ్చటి క్యాంపస్‌లో వీల్‌చైర్ మీద ఏడేళ్లు

పీజీ రెండేళ్లు, పీహెచ్‌డీ ఐదేళ్లు. హైదరాబాద్ శివార్లలోని ఒక యూనివర్సిటీలో ఏడేళ్లూ వీల్‌చైర్ మీదే తిరిగాను. పేరు అనవసరం. ఈ క్యాంపస్‌కి నేనిచ్చే మార్కులు ఐదుకి మూడు, అందులో రెండు చెట్లకే.

మే నెల మధ్యాహ్నం ఎండలో వీల్‌చైర్ స్టీలు రిమ్ము పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంటుంది. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్ దాకా రెండు వైపులా కానుగ చెట్లున్నాయి. ఇవి ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా ఏప్రిల్‌కల్లా మళ్లీ చిగుర్చి గుబురుగా నీడ పట్టేస్తాయి. కొత్త బ్లాకు ముందు అందం కోసం పెట్టిన పామ్ చెట్ల కింద మాత్రం నీడ అడక్కండి.

ఇక గొడవంతా బాటతో. వాన నీరు ఇంకాలని పాత సిమెంటు బాట తవ్వేసి, గడ్డి మొలిచే బొక్కల టైల్స్ పరిచారు. నీళ్లు ఇంకాయి, కాదనను. కానీ వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి, సరిగ్గా ఆ బొక్కల్లోకే దిగుతాయి. మొదటి రోజే బోర్లా పడ్డాను. ల్యాప్‌టాప్ ముందు, దాని వెనక నేను. ఏడాదిన్నర అర్జీలు పెట్టాక మధ్యలో నాలుగడుగుల వెడల్పున నాపరాళ్లు వేశారు. పక్కన గడ్డి అలాగే ఉంది, నీళ్లూ ఇంకుతున్నాయి. ఆ పని మొదటే చేసుంటే? చెయ్యలేదు, ఎందుకంటే పచ్చదనం ఫైలు ఒక టేబుల్ మీద, మా ఫైలు ఇంకో టేబుల్ మీద.

టాయిలెట్ సంగతీ అంతే. కరెంటు ఆదాకి సెన్సర్ లైట్లు పెట్టారు, కదలిక లేకపోతే రెండు నిమిషాల్లో ఆరిపోతాయి. సెన్సర్ తలుపు దగ్గర, నేను అడ్డగోడ వెనక. వీల్‌చైర్ నుంచి కమోడ్ మీదికి సగం జరిగానో లేదో, చీకటి. ఆ రోజు నుంచి ఫోన్ టార్చి నోట్లో పట్టుకుని వెళ్లడం అలవాటైంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉన్నత విద్యలో మాకు కనీసం 5 శాతం సీట్లు. సీటొచ్చింది, క్లాసు రెండో అంతస్తులో. ఉన్న ఒక్క లిఫ్టు సాయంత్రం ఆరింటికి ఆపేసేవాళ్లు, అదీ ఆదా ఖాతాలోనే. లైబ్రరీ ర్యాంపు ఇంకో వింత. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. ఆరేసి అంగుళాల మెట్లు మూడు, అంటే పద్దెనిమిది అడుగులు. తొమ్మిదిలో ముగించారు, పైగా నున్నటి గ్రానైటు. వానాకాలంలో ఒంటరిగా ఎక్కడం మానేశాను.

బ్యాటరీ బండ్లని మాత్రం మెచ్చుకోవాలి. లోపల కార్లు ఆపేశాక పొగా హారన్ల మోతా పోయాయి. మొదట్లో బండి మెట్టు ఎత్తుగా ఉండేది. ఒక డ్రైవరన్న ఎక్కడి నుంచో సెంట్రింగ్ చెక్క తెచ్చి సీటు కింద పెట్టుకున్నాడు. నన్ను చూడగానే దాన్ని వాలుగా వేసేవాడు. నాలుగో ఏడు మడత ర్యాంపున్న బండి ఒకటి కొన్నారు. ఒక్కటే, ఇరవై నిమిషాలకోసారి.

కొత్తగా చేరేవాళ్లు హాస్టల్ గది చూడ్డానికి టేపు తీసుకెళ్లండి. తలుపు 900 మిల్లీమీటర్లుంటే హాయి. గది తలుపు ఒక్కటే కొలిచి వచ్చేయకండి, బాత్రూం తలుపు కూడా కొలవండి. నేను మర్చిపోయి, మొదటి నెలంతా పక్క బ్లాకుకి వెళ్లి స్నానం చేశాను.