ఊదే పరీక్షలో బరువునూ లెక్కలో వేయాలా, వద్దా? ఏది మేలు?

బరంపురంలో స్పైరోమెట్రీకి (ఊపిరితిత్తుల గాలిని కొలిచే ఊదే పరీక్షకు) వచ్చే మనవాళ్లలో, ఇచ్ఛాపురం నుంచైనా పర్లాకిమిడి నుంచైనా, కాస్త లావుగా ఉన్నవాళ్లు తప్పకుండా అడిగే మాట ఇది: "బరువు తూచారు కదండీ, మరి మాకు ఊపిరి ఎంత ఉండాలో లెక్కకట్టేటప్పుడు దాన్ని వదిలేశారేం?"

వదిలేసిన మాట నిజమే. 2012 నాటి గ్లోబల్ లంగ్ ఫంక్షన్ ఇనీషియేటివ్ సూత్రాలు (ఎవరికి ఎంత ఊపిరి ఉండాలో చెప్పే అంతర్జాతీయ లెక్కలు) వయసు, ఎత్తు, ఆడా మగా, జాతి వరకే చూస్తాయి. తర్వాతి రూపంలో జాతిని కూడా తీసేశారు. కొన్ని పాత సూత్రాల్లో మాత్రం బరువు ఉండేది.

బరువు వేస్తే ఒక లాభం ఉంది. పొట్ట కొవ్వు డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరను) పైకి నెడుతుంది, ఛాతీ మీద కొవ్వు పక్కటెముకలను బాగా విచ్చుకోనివ్వదు. దాంతో ఎఫ్‌వీసీ (నిండా పీల్చి బలంగా ఊదితే బయటికొచ్చే మొత్తం గాలి) కొంచెం తగ్గుతుంది. బరువు వేస్తే ఉండాల్సిన అంకె కూడా తగ్గుతుంది కాబట్టి, అది చూసి ఊపిరితిత్తుల్లోనే జబ్బుందేమోనని టెన్షన్ పడి స్కానింగులకు పరిగెత్తే బాధ కొందరికి తప్పుతుంది.

అయినా నా ఓటు బరువు లేని లెక్కకే. పొట్ట పెరిగిందని టేపు మీద అంగుళాలు సాగదీస్తే పొట్ట తగ్గదు కదా! బరువును లెక్కలో కలిపితే కొవ్వు చేసే నష్టమే నార్మల్ అయిపోతుంది. ఆ మనిషి పది కిలోలు తగ్గి మళ్లీ ఊదాడనుకోండి, ఉండాల్సిన అంకె కూడా మారిపోతుంది. ఊపిరి మెరుగుపడినా, ఉండాల్సినదానిలో ఎంత ఉందో చెప్పే శాతంలో అది సరిగ్గా కనబడదు. పైగా కిలోల్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో తెలియదు. బస్తాలు మోసే కుర్రాడూ, గల్లాపెట్టె దగ్గర కూర్చునే షావుకారూ ఇద్దరూ 80 కిలోలే కావచ్చు.

బీఎంఐదీ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్కదీ) ఇదే తంతు. ఎక్కి నిలబడితే కొవ్వు శాతం చెప్పే మిషన్లను నేనైతే నమ్మను, నీళ్లు తాగినా అంకె మారుతుంది.

రిపోర్టు వచ్చాక బరువును పక్కన పెట్టుకుని చదవాలి. కొవ్వు వల్లే అయితే ఎఫ్‌ఈవీ1 (మొదటి సెకనులో ఊదే గాలి), ఎఫ్‌వీసీ రెండూ కలిసి కొద్దిగా తగ్గుతాయి, వాటి నిష్పత్తి మాత్రం చెడదు. నిష్పత్తే పడిపోతే ఆస్తమా, సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై వచ్చే దీర్ఘకాలిక జబ్బు) సంగతి చూడాలి, నెపం పొట్ట మీదకు నెట్టకూడదు. ఎఫ్‌వీసీ మరీ తక్కువైతే టీఎల్‌సీ (నిండా పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే మొత్తం గాలి) కొలిపించాలి. ఒక మోస్తరు లావుకు టీఎల్‌సీ మామూలుగా హద్దు దాటి పడిపోదు. కొవ్వు దెబ్బ ఎక్కువగా తగిలేది మామూలుగా గాలి వదిలాక లోపల మిగిలే గాలికి, అది ఈ ఊదే పరీక్షలో కనబడదు.

ఈసారి వెళ్లినప్పుడు నడుం కొలత కూడా రిపోర్టు మీద రాయించుకోండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే డాక్టరుకు అది కిలోల కంటే ఎక్కువ చెబుతుంది.